బొబ్బిలిలో బ, దువ్వాడలో ద

ఆ రోజుల్లో మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో గడియారం లేని ఇల్లు ఉండేది కాదు, వేళకి అన్నం తినే ఇల్లూ ఉండేది కాదు. ప్రతి క్వార్టర్‌లోనూ ఎవరో ఒకరు డ్యూటీకి వెళుతూనో, డ్యూటీ నుంచి వస్తూనో, డ్యూటీ చేసి వచ్చి పడుకునో ఉండేవారు. ఆ పడుకున్నవాళ్ల కోసం మిగిలిన ఇల్లంతా గుసగుసల్లో బతికేది. అలాంటి చోట పుట్టి పెరిగిన నాకు పన్నెండో తరగతి పరీక్షలు రాసేనాటికి పూర్తిగా అబ్బిన విద్య ఒక్కటే, టైమ్‌టేబుల్ వేయడం. చదవడం వేరు, టైమ్‌టేబుల్ వేయడం వేరు. స్కేలు పెట్టి గళ్లు గీసి, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో నింపి, గోడకి అంటించి, రెండడుగులు వెనక్కి వెళ్లి చూసుకుంటే సగం పుస్తకం పూర్తయిపోయినంత తృప్తిగా ఉండేది. (మిగిలిన సగం ఎన్నడూ పూర్తి కాలేదు, ఆ సంగతి వేరు.) మా వీధిలో ఎవరింట్లో పరీక్షలున్నా ముందు నా చేత టైమ్‌టేబుల్ వేయించుకునేవారు. నా చేతి చలవ ఎలాంటిదో ఫలితాలు వచ్చాక తెలిసేది గాని, గిరాకీ మాత్రం తగ్గలేదు.

నాకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నా ఈడువాళ్లందరిదీ అదే వరస. ఇంట్లో అమ్మతో తెలుగు, గడప దాటితే హిందీ, కూరగాయలమ్మే ఆవిడతో ఛత్తీస్‌గఢీ, బడి మొత్తం హిందీలో. తెలుగక్షరాలు ఎక్కడైనా కనిపిస్తే చేగోడీలు పోసిన పళ్లెంలా ఉండేవి, చూడ్డానికి ముచ్చటే, ఏది ఏదో తెలిసేది కాదు. అది పెద్ద లోటని ఎవరూ అనుకోలేదు, ఆ ఏడు వేసవిలో విజయనగరం వైపు, దూరపు వరసలో చిన్నత్త ఒకావిడ పెళ్లికి నేను వెళ్లేదాకా. నాన్నకి సెలవు దొరకలేదు, నాన్నని వదిలి అమ్మ రానంది, నన్ను తెలిసిన కుటుంబంతో పంపారు. పెళ్లి రాజాం దగ్గర పల్లెలో. విజయనగరం బస్టాండులో బంధువులందరూ సామాన్లు కాపలా కాస్తూ, చదువుకున్న పిల్లని కదా అని బస్సు చూడమని నన్ను ముందుకి తోశారు. తెలీదు అని ఒప్పుకోవడం నా జాతకంలో లేదు. బోర్డు మీద మొదట్లో గుండ్రంగా ఏదో ఉంది, చివర్లో ఏదో తోక ఉంది. "అదిగో, మన బస్సే!" అని అరిచాను. పదకొండు మందిని, రెండు ట్రంకుపెట్టెల్ని, ఒక అరటిగెలని ఎక్కించాను. అది సాలూరు బస్సని గజపతినగరం చేరాక తెలిసింది.

మేం వెళ్లేసరికి తాళి కట్టడం అయిపోయింది, భోజనాలు అందాయి. వరసకి మామ్మ అయ్యే ఒకావిడ వడ్డన ఆపి మరీ అడిగింది. "ఏటే, పన్నెండు తరగతులు సదివినావట, బస్సు మీద పేరు సదవలేవేటి? మీ నాన్నకి నాలుగు బాసలొచ్చునని ఊరంతా సెప్పుకున్నారే, ఒక్కటైనా నీకు నేర్పలేదేటి?" నేను విస్తట్లోని పప్పన్నం మీదకి తల దించేశాను. ఆ రాత్రే విజయనగరంలో తిరుగు రైలెక్కబోతూ శపథం చేశాను, నలభై ఐదు రోజుల్లో తెలుగు చదివి తీరతాను. మామ్మ అన్నదాంట్లో ఒక ముక్క నాకు దారి కూడా చూపించింది. గురువు ఇంట్లోనే ఉన్నారు కదా!

నాన్న గూడ్సు గార్డు. మా ఇంట్లో తెలుగు చదివే మనిషి ఆయనొక్కరే. అమ్మ రెండో తరగతిలోనే బడి మానేసింది. పాలకొండ పక్క పల్లెలో ఉండే పెద్దమ్మ మాత్రం ఏడు దాకా చదువుకుంది, రెండు మూడు నెలలకోసారి అమ్మకి ఉత్తరం రాసేది. ఆ ఉత్తరం చదవడంలో నాన్నకో పద్ధతి ఉండేది. పోస్టులో రాగానే విప్పి, పైనుంచి కిందికి ఒకసారి చూసి, "అచ్ఛా, అచ్ఛా" అని తలాడించి, మడిచి జేబులో పెట్టేవారు. "ఏటండీ రాసింది?" అని అమ్మ వెంటపడితే, "డ్యూటీ నుంచి వచ్చి తీరిగ్గా చదువుతాను. అక్క ఉత్తరం పరుగు మీద చదివేదా?" అనేవారు. రెండు రోజులకి లైను నుంచి తిరిగొచ్చి, స్నానం చేసి, భోంచేసి, మంచం మీద కూర్చుని చదివేవారు చూడండి, ఒక్క చోట ఆగేవారు కాదు, గుక్క తిప్పుకునేవారు కాదు. "చెల్లీ, నిన్న బీరకాయ కూర చేశాను. నీకిష్టమని గుర్తొచ్చి ముద్ద దిగలేదు" అని ఆయన చదువుతుంటే అమ్మ చెంగుతో కళ్లొత్తుకునేది, నేను కూడా ముక్కు చీదుకునేదాన్ని. అమ్మ ఆ ఉత్తరాలని తన ట్రంకుపెట్టెలో పెళ్లిచీర కింద దాచేది. తాళంచెవి మెళ్లో పుస్తెలతో పాటు ఉండేది.

అంత బాగా చదివే మనిషి నాకు పాఠం చెప్పమంటే తప్పించుకు తిరగడం మొదలుపెట్టారు. నేను విజయనగరంలో కొన్న ఒకటో తరగతి వాచకం పట్టుకుని, గోడకి కొత్త టైమ్‌టేబుల్ అంటించాను. మొదటి వారం అచ్చులు, రెండో వారం హల్లులు, మూడు, నాలుగు వారాలు గుణింతాలూ ఒత్తులూ, ఐదో వారం కథలు, ఆరో వారం పద్యం. (మిగిలిన మూడు రోజులు సన్మానానికి అనుకుంటాను.) రోజుకి రెండు గంటలు, పొద్దున ఆరు నుంచి ఎనిమిది. పొద్దున ఆరింటికి నాన్న డ్యూటీలో ఉండేవారు, లేదా డ్యూటీ చేసొచ్చి పడుకుని ఉండేవారు, లేదా డ్యూటీకి పిలుపు వస్తుందని పడుకుని ఉండేవారు. సాయంత్రానికి మార్చాను. సాయంత్రాల్లో హఠాత్తుగా ఆయనకి మార్కెట్లో పనులు పుట్టుకొచ్చాయి. పుట్టి బుద్ధెరిగాక మా నాన్న తనంతట తాను సంచి పట్టుకుని కొత్తిమీర తేవడం నేను చూడలేదు. తొమ్మిది రోజులు గడిచిపోయాయి. నా టైమ్‌టేబుల్లో తొమ్మిది గళ్లు ఖాళీ.

పదో రోజు దొరికారు. అమ్మ మధ్యాహ్నం మూడింటికి ఎదురింటి ఆంటీ దగ్గర కుట్టుమిషను నేర్చుకోవడానికి వెళ్లింది. నాన్న అప్పుడే లేచి టీ తాగుతున్నారు. నేను గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని వాచకం తెరిచాను. "నాన్నా, ఇదేం అక్షరం?" నాన్న చాలాసేపు చూశారు. "బొబ్బిలి" అన్నారు. "బొబ్బిలేంటి నాన్నా, ఒక్క అక్షరమే కదా?" "అదేనమ్మా, బొబ్బిలిలోది." "మరి ఇది?" "పార్వతీపురంలోది." "ఇది?" ఈసారి పుస్తకాన్ని దగ్గరకి లాక్కుని చూశారు, దూరం పెట్టి చూశారు, పక్కకి తిప్పి చూశారు. చివరికి పుస్తకం మూసి, ఎంతో నిజాయితీగా చెప్పారు. "ఇది మన లైన్లో లేదు తల్లీ."

అది ద.

నాకు నవ్వొచ్చింది, ఆ తరువాత కోపం వచ్చింది, ఆ తరువాత నాన్న మొహం చూస్తే రెండూ పోయాయి. ఆయన గ్లాసు కింద పెట్టి అంతా చెప్పేశారు. తాతయ్య శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ రైలింజన్ల షెడ్‌లో చేరాడు. నాన్న కూడా నాలాగే హిందీ బడి. తెలుగక్షరాలంటే ఏడాదికోసారి రైల్వే పాసు మీద ఊరెళ్లేటప్పుడు కిటికీలోంచి కనబడే స్టేషను బోర్డులే. పెళ్లిచూపుల్లో ఎవరో "అబ్బాయికి నాలుగు భాషలొచ్చు" అన్నారు. అబద్ధం కాదు, మాట్లాడటం వచ్చు. పెళ్లైన నెలకి పెద్దమ్మ మొదటి ఉత్తరం వచ్చింది. పద్దెనిమిదేళ్ల కొత్త పెళ్లికూతురు ఆ ఉత్తరం తెచ్చి, ఇంత నమ్మకంగా చేతిలో పెట్టి, చదవమని ఎదురుగా కూర్చుంది. "ఆ మొహం చూసి రాదని ఎలగ చెప్పను, నువ్వే చెప్పు?" అన్నారు నాన్న. అందుకని డ్యూటీ వంక పెట్టారు. ఝార్సుగూడ రన్నింగ్ రూములో, అంటే లైను మీదకి వెళ్లిన గార్డులూ డ్రైవర్లూ పడుకునే చోట, తెలుగు బాగా వచ్చిన పెద్ద గార్డు ఒకాయన ఉండేవారు. అందరూ మాస్టారు అనేవారు. ఆయన ఉత్తరం చదివి వినిపిస్తే నాన్న కంఠస్థం చేసి, ఇంటికొచ్చి అప్పజెప్పేవారు. జవాబులూ ఆయనే రాసేవారు. అలా పంతొమ్మిదేళ్లు!

"మరి ఝార్సుగూడ మాస్టారు రిటైరై వెళ్లిపోయారని కిందటేడు ఇంట్లో చెప్పావు కదా?" అన్నాను. నాన్న పైకి లేచి, గార్డుల సామాను పెట్టె తీశారు. ఎర్రజెండా, పచ్చజెండా కింద నాలుగు పోస్టుకార్డులు. మాస్టారు వెళ్లిపోతూ, మిత్రుడి అవస్థ చూసి, పది కార్డులు ముందుగానే రాసిచ్చారట. పదింటి మీదా ఒకటే రాతట. 'ఇక్కడ అందరం క్షేమం. మీరు క్షేమమని తలుస్తాం. వివరంగా మళ్లీ రాస్తాం.' తేదీ ఖాళీ. పెద్దమ్మ ఉత్తరం వచ్చినప్పుడల్లా నాన్న ఒకటి తీసి పోస్టు చేసేవారు. ఆరు అయిపోయాయి. "మరి వచ్చినవి ఎవరు చదివారు?" నాన్న నేల చూశారు. "చదవలేదు. రెండు రోజులు బండి చివర బ్రేకు వ్యానులో ఒక్కణ్నే కూర్చుని ఆలోచించేవాణ్ని." ఆ బీరకాయ, ఆ దిగని ముద్ద, పెద్దనాన్న చుట్ట మానేయడం, ఏడాదిన్నరగా మేం ముక్కు చీదిన ఆరు ఉత్తరాలూ మా నాన్న సొంత సృష్టి.

"మీ అమ్మకి తెలిస్తే ఉత్తరాలు పోయినందుకు కాదు, నేను పోయినందుకు ఏడుస్తాది" అన్నారు. నాకు అర్థమైంది. అమ్మ దృష్టిలో నాన్న అబద్ధం ఆడని మనిషి. ఆ ఒక్కటీ పోకూడదు. నేను వెంటనే ధైర్యం చెప్పాను. (ధైర్యం చెప్పడానికి నాకు విషయం తెలియనక్కర్లేదు.) "నాన్నా, నీకేం భయం లేదు. తరువాతి ఉత్తరం వచ్చేలోగా ఇద్దరం నేర్చుకుంటాం. నేను టైమ్‌టేబుల్ వేస్తాను."

టైమ్‌టేబుల్ వేశాను కూడా. నాన్న దాన్ని గార్డు కళ్లతో చదివి, తల అడ్డంగా ఊపారు. "గూడ్సు బండికి మెయిలు టైమింగు పెట్టకూడదమ్మా. మధ్యలో ఎక్కడో పక్క లైన్లో పడేస్తారు. రోజుకి ఒక్క స్టేషను చాలు. బోర్డు మొత్తం వచ్చేకే సిగ్నలివ్వు." నాకు ఒళ్లు మండింది. అక్షరాలు అ నుంచి మొదలవ్వాలి గాని జిమిడిపేట నుంచి మొదలవుతాయా? ఎవరి దారి వాళ్లదని పందెం కట్టుకున్నాం. నేను బొమ్మల్ని బట్టి అక్షరాలు పోల్చుకుంటూ పుస్తకం వరసలో వెళ్లాను, ఋ, ౠ ల దగ్గర మూడు రోజులు నిలబడిపోయాను. అచ్చులన్నీ వచ్చేసరికి నేను చదవగలిగిన తెలుగంతా ఆ, ఈ, ఊ, ఓ అని, కడుపునొప్పి వచ్చినవాడి మూలుగులా ఉంది. నాన్న అప్పటికి జిమిడిపేట, కూనేరు, పార్వతీపురం, సీతానగరం దాటి బొబ్బిలిలో దిగి, 'పాలు', 'నగ', 'తీపి', 'కూర' చదివేస్తున్నారు. నేను నా టైమ్‌టేబుల్ గోడ మీంచి ఊడదీసి, నాన్న రైలెక్కాను.

మా పాఠానికి గడియారం వేళ లేదు. నాన్న డ్యూటీ నుంచి రావాలి, పడుకుని లేవాలి, టీ తాగాలి, అమ్మ కుట్టుమిషను దగ్గరకి వెళ్లాలి, ఈ నాలుగూ కలిసినప్పుడు పాఠం. ఒక్కోసారి గంట దొరికేది, ఒక్కోసారి పావుగంట. దొరికినదాంట్లో ఒక్క బోర్డు. డ్యూటీలో ఉన్నప్పుడు నాన్న బ్రేకు వ్యాను లోపలి గోడ మీద సుద్దముక్కతో రాసుకునేవారు. తరువాత ఆ వ్యాను ఇంకో బండికి తగిలి ఎటో వెళ్లిపోయేది. మా నాన్న రాసిన డొంకినవలస, కోమటిపల్లి కట్నీ నుంచి కలకత్తా దాకా తిరిగి ఉంటాయని నా నమ్మకం. చిక్కల్లా ఏమిటంటే విజయనగరం చేరేసరికి స్టేషన్లయిపోయాయి, అక్షరాలు అయిపోలేదు. మిగిలినవి వాచకంలో బొమ్మల్ని బట్టి పోల్చుకుని, ఒక్కోదానికి స్టేషను వెతికాం. ద కోసం దువ్వాడ దాకా వెళ్లాం. దారిలో విశాఖపట్నంలో శ, ఖ దొరికాయి. భ కోసం భీమవరం, హ కోసం హైదరాబాదు, ధ ఒక్కదాని కోసం ధర్మవరం దాకా, పాసు లేకుండా. క్ష కి మాత్రం ఎంత వెతికినా స్టేషను తెలియలేదు. ప్రతి ఉత్తరానికీ అదే కావాలి, క్షేమం! "పేరు లేని లెవెల్ క్రాసింగు అనుకుందాం తల్లీ. బోర్డుండదు, అయినా ఆగి చూసుకుని దాటాలి" అన్నారు నాన్న.

నలభై ఐదు రోజులు అన్నది డెబ్బై అయింది. అయినా చెబుతున్నాను, ఇద్దరం చదవగలిగే స్థితికి వచ్చాం. నాది కాస్త వేగం, నాన్నది గూడ్సు నడక. ఆషాఢంలో ఒక మధ్యాహ్నం పోస్టు వచ్చింది. నీలిరంగు ఇన్లాండు. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నాన్న ఎప్పట్లా జేబులో పెట్టలేదు. నా వైపు ఒక చూపు చూసి, నిటారుగా కూర్చుని, "ఇప్పుడే చదువుతాను" అన్నారు. నా గుండె ఎంత గర్వంతో ఉబ్బిందో చెప్పలేను. పచ్చజెండా ఊపినట్టు తలూపాను.

"చి... రం... జీ... వి..." అని మొదలుపెట్టారు. "సౌ... భా..." అక్కడ ఆగారు. భీమవరం గుర్తు తెచ్చుకుంటున్నారని నాకు తెలుసు. "భా... గ్య... వ... తి..." అన్నేళ్లు గుక్క తిప్పుకోకుండా చదివిన మనిషి ఇప్పుడు ప్రతి అక్షరానికీ బండి ఆపి, దిగి, చూసుకుని ఎక్కుతున్నారు. మేమిద్దరం అన్నీ ఆలోచించాం గాని ఈ ఒక్కటీ ఆలోచించలేదు. చదవడం రానప్పుడు ఆయన ధారగా చదివేవారు, చదవడం వచ్చాక నత్తి వచ్చింది! ఐదు నిమిషాలైనా రెండో వరస దాటలేదు. అమ్మ మొహం పాలిపోయింది. "ఏటండీ, అలగ ఆగిపోతన్నారు?" "ఆగట్లేదే, చదువుతున్నాను." అమ్మ చటుక్కున చెయ్యి పైకెత్తి వేళ్లు చూపించింది. "ఇవెన్ని?" "మూడు." "ఆ గోడ మీద క్యాలెండరులో ఇవాళెంత?" నాన్న తేదీ చెప్పారు, పక్కనున్న తిథి కూడా హిందీలో చదివారు. అమ్మ కూలబడిపోయింది. "దూరానివి అగుపిస్తన్నాయి, దగ్గరవి పోయేయన్నమాట. ఓలమ్మో, నేనేటి సేతును!"

గార్డుకి కళ్లంటే ఏమిటో మా కాలనీలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కొన్నేళ్లకోసారి పరీక్ష ఉంటుంది, సిగ్నలు రంగు చెప్పలేకపోతే లైను మీద నుంచి దింపి ఎక్కడో స్టోర్సులో కూర్చోబెడతారు. అమ్మ ఏడుపు విని ఎదురింటి ఆంటీ పరుగెత్తుకొచ్చింది. పావుగంటలో వీధి వీధంతా మా ఇంట్లో ఉంది. ఒకావిడ మునగాకు అంది, ఒకావిడ గాజర్ కా రస్, అంటే క్యారెట్ రసం, అంది, ఒక పెద్దాయన తన బావమరిది కళ్లు పోయిన వైనం మొదటి నుంచి చెప్పాడు. అమ్మ రేపు పొద్దున్నే రైల్వే హాస్పిటలుకి తీసుకెళ్లి తీరతానని నిశ్చయించేసింది. కావలసినంత భయపెట్టి అందరూ వెళ్లిపోయాక, అమ్మ దేవుడి దగ్గర నిలబడి, "నా కళ్లు తీసుకుని ఆయనకియ్యి స్వామీ, నాకు సదువా సట్టుబండా" అంది. నాన్నకి అది వినిపించింది. లేచి వెళ్లి అమ్మ పక్కన నిలబడ్డారు.

"నా కళ్లకేం కాలేదు. నాకు తెలుగు చదవడం రాదు. మొదట్నుంచీ రాదు. ఇప్పుడే కొంచెం వస్తోంది" అన్నారు. ఆ తరువాత మాస్టారు గురించి, పది కార్డుల గురించి, అంతా చెప్పేశారు. మధ్యలో ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. అమ్మ విని, ముందు ఒక్కటే అడిగింది. "అయితే కళ్లు బాగున్నాయా?" "బాగున్నాయి." అమ్మ గట్టిగా ఊపిరి తీసుకుని దేవుడికి దణ్ణం పెట్టింది. గండం గడిచిందని నేననుకున్నాను. ఆ దణ్ణం పెట్టిన చేతులు దించకుండానే మళ్లీ అడిగింది. "నన్ను తలుసుకుని ముద్ద దిగలేదని రాసింది కదా అక్క. అది?" నాన్న గొంతు నాకే సరిగా వినిపించలేదు. "అది నేను."

అమ్మ మెళ్లోని తాళంచెవి తీసింది. ట్రంకుపెట్టె తెరిచి, పెళ్లిచీర కింద నుంచి పైనున్న ఆరు ఉత్తరాలూ తీసింది. అవి నాన్నకి ఇవ్వలేదు, నాకిచ్చింది. "చదువు" అంది. నేర్చుకున్న చదువు అందరి ముందూ చూపించుకోవాలని డెబ్బై రోజులు తపించినదాన్ని, ఆ నిమిషంలో ఒక్క అక్షరం కూడా రాకపోతే బాగుండనుకున్నాను. చదివాను. పెద్దమ్మ ఉత్తరాల్లో గేదె ఈనింది, దూడ పోయింది. గేదెని అమ్మేశారు. పక్కవాళ్లు గోడ జరిపి కట్టారు. మీ బావ మోకాలు నొప్పి, చుట్టలు ఎక్కువయ్యాయి. వానల్లేవు. ఆఖరి ఉత్తరంలో, 'మీ కార్డు అందింది. పోయినసారిదే మళ్లీ వచ్చింది. పోస్టువాళ్లు పాత కార్డే తిప్పి తిప్పి ఇస్తున్నట్టున్నారు, మీరక్కడ గట్టిగా అడగండి' అని ఉంది. బీరకాయ లేదు. ముద్ద లేదు. నువ్వు గుర్తొస్తున్నావన్న మాట ఆరింటిలో ఎక్కడా లేదు. ఒక ముక్క నేనే కలిపి చదువుదామా అని నోటి దాకా వచ్చింది గాని, పదిహేడేళ్ల వయసు కదా, నిజాయితీ ఎక్కువ, తెలివి తక్కువ. ఉన్నదున్నట్టు చదివేసి ఊరుకున్నాను. నాన్న గోడకి ఆనుకుని, పరీక్షలో తప్పిన పిల్లాడిలా నిలబడి ఉన్నారు. ఆయన్ని అలా చూడటం నాకు అదే మొదటిసారి, నాకు ఏడుపొచ్చింది.

అమ్మ ఉత్తరాలు మళ్లీ ఒద్దికగా మడతపెట్టింది. పెట్టెలో పెట్టి, నవ్వింది. ముందు చిన్నగా, తరువాత చెంగు నోట్లో కుక్కుకుని. "గేదె కుండెడు పాలిస్తోందని చదివేరు. ఆ ముందు నెల్లోనే అమ్మేసేరట!" అంది. నాన్న కూడా నవ్వబోయి ఆగిపోయారు. అప్పుడు అమ్మ నవ్వాపి, ఆయన వైపు కాకుండా నా వైపు తిరిగి చెప్పింది. "మా అక్క మనసు నాకు తెల్దేటి? దానికి నా మీద ప్రాణం. కాయితం మీద పెట్టడం రాదు, అంతే. మీ నాన్న పెట్టేరు. ఇకమీదట అక్క ఉత్తరం వస్తే, ఉన్నది నువ్వు చదువు. లేనిది మీ నాన్న చదువుతారు."

అలాగే జరిగింది, నా పెళ్లయ్యేదాకా. నేను ముందు గేదెలూ గోడలూ చదివేదాన్ని. తరువాత నాన్న అదే కాగితం అందుకుని, అందులో లేని బీరకాయలు చదివేవారు. అమ్మ రెండూ శ్రద్ధగా వినేది, కళ్లు మాత్రం రెండోసారే ఒత్తుకునేది. జవాబులు నాన్నే సొంతంగా రాసేవారు. అక్షరాలు స్టేషను బోర్డంత ఉండేవి, కార్డుకి నాలుగు వరసలకి మించి పట్టేవి కావు.

ఆ తరువాత బ్యాంకులో చేరి, ముప్ఫై ఏళ్లు రకరకాల ప్లానులూ టార్గెట్లూ గోడలకి అంటించాను. ఇప్పుడు బిలాస్‌పూర్‌లోనే, రాజ్‌కిశోర్ నగర్‌లో మా ఇంట్లో గోడలన్నీ ఖాళీ. నాగపూర్‌లో ఉద్యోగం చేసే మా అమ్మాయి మొన్న వచ్చి రెండు రోజులుండి వెళ్లింది. వెళ్లిన రోజు సాయంత్రం ఫోనులో మెసేజీ వచ్చింది. వంటింట్లోంచి మా ఆయన "ఏటట?" అని అడిగారు. నేను ఫోను కాస్త దూరం పెట్టుకుని చదివాను. "చేరిపోయిందట. దారిలో మీరు కట్టిచ్చిన పులిహోర తిన్నదట, పక్క సీటావిడకి కూడా పెట్టిందట. ఇల్లు చూస్తే బోసిగా ఉందట, ఈసారి నాలుగు రోజులు ఎక్కువ సెలవు పెట్టి వస్తుందట." ఫోనులో ఉన్నవి రెండే మాటలు, 'పహుంచ్ గయీ', చేరిపోయాను అని. ఆ తరువాత ఫోను తీసి తనూ చూశారు గాని, అంత చిన్న మెసేజీని అంతసేపు ఎలా చదివావని మా ఆయన ఇంతవరకూ అడగలేదు. ఆయనకి చదవడం బాగా వచ్చు.